ఆటలో గెలిచిన కుటుంబం

"ముందు ఆ ఓవెన్ ఆపెయ్యి!"

నాడీన్ బూట్లకంటిన మంచు కూడా దులుపుకోలేదు. తలుపు తోసుకుని తిన్నగా వంటింట్లోకి వచ్చేసింది. "ఆవిడ లోపలికొచ్చేసరికి అది అలా బార్లా తెరిచి కనబడిందా, ఇంక మనం చెప్పుకోడానికేమీ మిగలదు."

రొవీనా కదల్లేదు. ఓవెన్ ఎదురుగా నేలమీద పరిచిన పరుపులో ఎనిమిదేళ్ల వెస్ మెడదాకా కంబళి లాక్కుని, నిన్న అక్క బడిలో గెలుచుకొచ్చిన డోనట్లలో ఆఖరిది కొరుక్కు తింటున్నాడు. ఉబ్బసం వల్ల ఈ వారమంతా వాడు బడికి పోలేదు. ఇంట్లో ఇంత గొడవ జరుగుతోందని వాడికి పట్టినట్టే లేదు.

"ఆపితే వాడు వణుకుతాడు," అంది రొవీనా. "ఆపకపోతే వాళ్లొచ్చి వాణ్ని పట్టుకుపోతారు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు వదినా. పాఠాలు చెప్పేదానివి."

నాడీన్ మొహం ఎర్రబడింది. చలికో, మాటకో తెలీదు.

మధ్యాహ్నం హైస్కూలు నుంచి ఫోనొచ్చినప్పటి నుంచీ రొవీనాకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. కౌంటీ ఆఫీసులో పిల్లల బాగోగులు చూసి, అవసరమైతే వేరే ఇళ్లకి పంపే శాఖ నుంచి ఒకావిడ చీకటి పడేలోపు ఇంటికొస్తుందట. ఆ వెనకే నాడీన్ రొవీనా కూతురు బ్రినాని కారులో దింపి, వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయింది. ఇప్పుడు చర్చి సెల్లార్లో ఉన్న కరెంటు హీటర్లు రెండు చంకలో పెట్టుకుని మళ్లీ వచ్చింది. తన తమ్ముడు, రొవీనా భర్త కార్ల్ పోయాక ఈ ఇంటికి క్రిస్మస్‌కి తప్ప రాని మనిషి, ఒక్క మధ్యాహ్నంలో రెండుసార్లు గడప తొక్కింది. రొవీనాని ఎక్కువ భయపెట్టింది ఆ రాకే.

"అసలు ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పోయిందని నాకు చెప్పలేదేం?" అంది నాడీన్, హీటర్ల తీగలు విప్పుతూ. "నవంబర్లో థాంక్స్‌గివింగ్ పండగ అప్పుడే పోయిందట. మూడు నెలలు! క్రిస్మస్‌కి నేను వస్తానంటే, వద్దు మేమే వస్తాం అన్నావు. అందుకేనా?"

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏదో ఒకటి చేసేదాన్ని."

"చేసేదానివే. పేదరికం మీద చెప్పే నీ పాఠంలోకి ఎక్కించేదానివి. పేరు మార్చి."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నాడీన్ వంగినది వంగినట్టే ఉండిపోయింది. సింకు దగ్గర అటు తిరిగి నిలబడ్డ పదిహేనేళ్ల బ్రినా భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల నోరు విప్పలేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది.

"నువ్వు చెప్పు," అంది రొవీనా కూతురితో. "నిన్న బడి జిమ్‌లో, ఆ ఆటలో ఏం జరిగింది? మొదటినుంచీ చెప్పు. ఆవిడ ఏం విందో నాకు తెలియాలి."

"అత్త చెప్పలేదా?"

"అత్త చెప్పింది. నువ్వు చెప్పు."

బ్రినా నీళ్ల కుళాయి కట్టేసింది. ఇటు తిరగలేదు.

"ఏటా పెట్టే ఆటే. జిమ్ చుట్టూ బల్లలు. బ్యాంకు, సరుకుల కొట్టు, ఇంటి ఓనరు, తాకట్టు షాపు, సహాయం. మమ్మల్ని కుటుంబాలుగా విడగొట్టారు. ఈల వేస్తే వారం అయిపోయినట్టు. నాలుగు ఈలలకి నెల. నెలాఖరుకి ఇల్లు పోకుండా, పిల్లలు ఆకలితో పడుకోకుండా ఎవరు నెట్టుకొస్తే వాళ్లు గెలిచినట్టు."

"ఊఁ."

"నేను తల్లిని. ట్రెంట్ తండ్రి. వాళ్ల నాన్నకి కార్ల షోరూముంది చూడు, ఆ ట్రెంట్. రెండో వారానికే చేతులెత్తేసి కూర్చున్నాడు. పైగా ఈ పేదవాళ్లకి ఒళ్లు వంగదు, అందుకే వీళ్ల బతుకులిలా ఉన్నాయి అన్నాడు. అందరూ నవ్వారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. ఆడాను." ఇప్పుడు తిరిగింది బ్రినా. "మూడో వారం మాకు గ్యాస్ కట్ చేశారు. అందరూ ఓడిపోయామనుకున్నారు. నేను సహాయం బల్ల దగ్గరికెళ్లి, ఏం పర్లేదు మేడమ్, గదులకి దుప్పట్లు కట్టేసి అందరం వంటింట్లోకి మారిపోతాం, పక్కింటి నుంచి కరెంటు తీగ లాక్కుంటాం, బడిలో చెప్పొద్దని పిల్లలకి నేర్పుతాం అన్నాను. ఆవిడ నవ్వింది. ఇవన్నీ నీకెలా తెలుసమ్మా అంది. రోజూ చేసేదే కదా అన్నాను."

రొవీనా ఇది వినడం రెండోసారి.

"ఆ బల్ల దగ్గర కూర్చున్నది నిజంగానే కౌంటీ ఆవిడని నీకు తెలీదా?"

"అట్టముక్క మీద 'సహాయ కార్యాలయం' అని రాసి పెట్టుకుని కూర్చుంది. బ్యాంకు బల్ల దగ్గర పీటీ మాస్టారు కూర్చున్నాడు. ఆయన బ్యాంకువాడని ఎవరనుకుంటారు? ఈవిడా అలాగే వేషం కట్టిందనుకున్నాను."

నాడీన్ నెమ్మదిగా అంది, "ఏటా వాళ్లని నేనే పిలుస్తాను. పిల్లలకి నిజంగా ఉన్నట్టు ఉండాలని."

"ఉంది అత్తా," అంది బ్రినా. "నిజంగా ఉన్నట్టే ఉంది."

వెస్ ఫక్కున నవ్వాడు. ఎందుకో వాడికే తెలీదు. ఇంకెవరూ నవ్వలేదు.

"అక్కడితో ఆపావా?" అంది రొవీనా.

బ్రినా నేల చూపులు చూసింది.

"ఆవిడ ఇంకా అడిగింది. ఇంకా చెప్పాను. అందరూ నవ్వడం మానేసి వింటున్నారమ్మా. ట్రెంట్ కూడా. ఇన్నేళ్లలో బడిలో నాకు అందరికంటే బాగా వచ్చిన పాఠం అదొక్కటే." తడి చేతులు చొక్కాకి తుడుచుకుంది. "కారు సంగతి కూడా చెప్పాను."

"ఏ కారు సంగతి?"

నాడీన్ తలెత్తి ఒకసారి మేనకోడల్ని, ఒకసారి తమ్ముడి భార్యని చూసింది. "నీకు తెలీదా రొవీనా?"

"ఏ కారు సంగతే?"

బ్రినా చెప్పింది. కిందటి నెల అమ్మ డ్యూటీలో ఉండగా వెస్‌కి ఊపిరాడలేదు. పీల్చే మందు డబ్బా ఖాళీ. రొవీనా పనిచేసే ముసలివాళ్ల హోమ్‌లో ఫోన్లు లాకర్లలో పెట్టించేస్తారు. ఆంబులెన్సుని పిలిస్తే పెద్దవాళ్లెవరూ ఇంట్లో లేరని తెలిసిపోతుంది. పెరట్లో నాన్న పాత కారుంది. దానికి తాళం చెవి ఎక్కడుంటుందో బ్రినాకి తెలుసు. మంచు పడుతుండగా తమ్ముణ్ని వెనక సీట్లో పడుకోబెట్టి, ఏటి పక్క రోడ్డు వెంబడి ఆస్పత్రికి పోయింది. అక్కడ మా అమ్మ కారు పార్క్ చేస్తోందని చెప్పింది. మందు పట్టించుకుని మళ్లీ నడుపుకుంటూ వచ్చేసింది.

రొవీనా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఏటి పక్క రోడ్డు మీద మలుపు దగ్గరే లారీ జారి కార్ల్ పోయాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే రాత్రి డ్యూటీ మానేస్తావు."

"మానెయ్యనా మరి?"

"మానేస్తే ఈ ట్రెయిలర్ ఇల్లున్న స్థలానికి అద్దె ఎవరు కడతారు?"

ఓవెన్లో మంట బుస్సుమంటూ ఉంది. చివరికి నాడీన్ చేయి చాచి దాన్ని ఆపేసింది. ఎవరూ అడ్డుచెప్పలేదు.

*

తర్వాత కాసేపు అందరికీ చేతినిండా పని. పరుపులు గదుల్లోకి ఈడ్చుకెళ్లారు. గుమ్మాలకి కట్టిన దుప్పట్లు పీకి మడతపెట్టారు. వెస్ గది కిటికీ లోపలివైపే మంచు పేరుకుని ఉంది. నాడీన్ దాన్ని గరిటెతో గీకి, ముక్కల్ని బక్కెట్లో పోసి, ఆ బక్కెట్ పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. తను చదువుచెప్పే గదిలో ఇలాంటి కిటికీ బొమ్మ ఒకటి గోడకి అంటించి ఉంది. ఎక్కడో దూరదేశం బొమ్మ.

"భయపడకు," అంది బయటికొచ్చి. "ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఒకవేళ తీసుకెళ్లినా కొన్నాళ్లే. ఇల్లు బాగవగానే..."

"నాకు డేల్ అని ఒక తమ్ముడున్నాడని కార్ల్ నీకెప్పుడైనా చెప్పాడా?" అంది రొవీనా.

నాడీన్ తెల్లబోయింది. "నీకు తమ్ముడా? లేదే."

"చెప్పి ఉండడు. నేనే వద్దన్నాను."

రొవీనా దిండు గలీబు తొడుగుతూనే చెప్పింది. చేతులకి ఏదో ఒక పని లేకపోతే ఆ మాటలు నోటిదాకా వచ్చేవి కావు. వాళ్లమ్మ మత్తుమందులకి అలవాటుపడి ఇల్లు పట్టించుకోని రోజులవి. అప్పుడు తనకి తొమ్మిదేళ్లు, డేల్‌కి ఐదు. కౌంటీ వాళ్లు వచ్చి ఇద్దర్నీ ఒకే కారులో ఎక్కించారు. కారు ఒక ఇంటి ముందు ఆగింది, డేల్‌ని దింపారు. నువ్వు దిగకు, నీది ఇంకో ఇల్లు అన్నారు. వాడు కారు వెనకాల పరిగెత్తాడు. అద్దంలోంచి చూస్తూనే ఉంది.

"కొన్నాళ్లే అన్నారు. అచ్చం నువ్వన్నట్టే అన్నారు," అంది రొవీనా. "వాణ్ని వేరే వాళ్లు పెంచుకున్నారు. పేరు మార్చారు. ఇప్పుడు ఎదురుపడినా నేను గుర్తుపట్టలేను. నన్ను జైల్లో పెట్టమను వదినా, పోతాను. ఇల్లు తీసేసుకోమను, ఇచ్చేస్తాను. పిల్లలిద్దర్నీ విడదియ్యకుండా ఉంటే చాలు. నాకున్న భయమల్లా అదొక్కటే."

రొవీనా వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో బ్రినా ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో! ఇన్నేళ్లూ ఈ పిల్లకి తెలియకుండా దాచింది, ఇవాళే తెలియాలా అనుకుంది రొవీనా. గలీబు తిరగేసి తొడిగినట్టు అప్పుడు చూసుకుంది.

"నేనేం చెప్పాలో చెప్పండి," అంది బ్రినా. "చెప్తాను."

నాడీన్ ఆ పిల్లని మంచం అంచున కూర్చోబెట్టి రెండు చేతులూ పట్టుకుంది. "ఆటలో గెలవాలని కల్పించాననాలి. ఎక్కడో చదివాననాలి. అంతే. ఎక్కువ మాట్లాడకూడదు."

"నీ క్లాసులో అలా చెప్పలేదు నువ్వు. పేదరికం సిగ్గుపడాల్సింది కాదు, నోరు మూసుకుంటేనే అది పెరుగుతుంది అన్నావు. నేను రాసుకున్నాను కూడా."

"క్లాసు వేరు బ్రినా."

"ఎలా వేరు?"

నాడీన్ పట్టుకున్న చేతులు వదిలేసింది. ఇరవయ్యేళ్లుగా ఆవిడ చెప్తున్న పాఠం అది. దాంట్లో ఏ పిల్ల ఏమడిగినా తడుముకోకుండా చెప్పగలిగేది.

"నీ బోర్డు మీద మధ్యకి గీత గీస్తావు కదత్తా," అంది బ్రినా. వెటకారం లేదు ఆ గొంతులో, నిజంగానే అడుగుతోంది. "ఎడమవైపు కారణాలు, కుడివైపు ఫలితాలు. ఫర్నేస్ పోవడం ఏ వైపు? అమ్మ రాత్రి డ్యూటీ ఏ వైపు? ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను. నేను ఏ వైపుకి వస్తానో తెలీలేదు."

"నువ్వు ఏ వైపూ కాదమ్మా," అంటూ నాడీన్ దాన్ని దగ్గరికి లాక్కుంది. బ్రినా చేతులు కిందికే వేలాడేసి ఉంచింది.

ఇక మిగిలింది వెస్. వాణ్ని వంటింటి బల్ల మీద కూర్చోబెట్టి రొవీనా నేర్పింది.

"ఆంటీ వచ్చి, నువ్వు ఎక్కడ పడుకుంటావు అంటే ఏం చెప్పాలి?"

"వంటింట్లో."

"కాదు నాన్నా. నా గదిలో అనాలి."

"నా గదిలో మంచుంటుందిగా."

"ఇవాళ లేదు. అత్త తీసేసింది."

"మరైతే ఇవాళ ఎక్కడ పడుకుంటావు అని అడగాలి ఆవిడ," అన్నాడు వెస్ తేలిగ్గా. రొవీనాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగేసింది.

నాడీన్ ఒక హీటరు హాల్లో, ఒకటి వెస్ గదిలో పెట్టింది. రెండు ప్లగ్గులూ పెట్టాక తీగెలు ఎర్రగా వెలిగాయి. ఇంట్లో దుమ్ము కాలిన వాసన వచ్చింది. అందరూ ఆ ఎర్రటి వెలుగు వంక ఆశగా చూశారు. సరిగ్గా అప్పుడే టప్ మని ఒక చప్పుడైంది. హీటర్లు ఆరిపోయాయి. లైట్లు పోయాయి. ఫ్రిజ్ రొద కూడా ఆగిపోయింది.

"ఏమైంది?" అంది నాడీన్.

"ఈ ట్రెయిలర్ మనిద్దరికంటే పాతది వదినా. రెండు హీటర్లు మొయ్యలేదు. నన్నడిగితే చెప్పేదాన్ని." రొవీనా గోడకున్న ఫ్యూజు పెట్టె మీద అరచేత్తో కొట్టింది, మీటలు పైకీ కిందకీ లాగింది. ఒకటి చేతిలోకి ఊడొచ్చింది.

బయట కంకర మీద టైర్లు నలిగిన చప్పుడు వినిపించింది.

*

కౌంటీ ఆవిడ హెస్టర్ ప్రూవిట్ పొట్టిగా, బొద్దుగా, ఎవరింట్లోనైనా ఉండే పెద్దమ్మలా ఉంది. బూట్లు గుమ్మం దగ్గరే విప్పేసింది. "ఏమనుకోకండి," అంటూనే లోపలికొచ్చింది. "కరెంటు పోయిందా?"

"ఇప్పుడే పోయింది," అంది నాడీన్. "ఇందాకటిదాకా ఇల్లు వెచ్చగానే ఉంది."

మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వచ్చింది. హెస్టర్ ఆ ఆవిరి వంక చూసింది గాని ఏమీ అనలేదు. నడవాలోంచి చివరిదాకా నడిచింది. గదులు చూసింది. ఫ్రిజ్ తెరిచి చూసింది. ఓవెన్ తలుపు మీద చెయ్యి పెట్టి, ఇంకా వేడిగా ఉందేమో, తీసేసింది. ఆవిడ వెనకే రొవీనా అడుగులో అడుగు వేసింది. కోప్పడితే బావుండును అనిపించింది. అరిచే మనిషికైతే ఎదురు చెప్పొచ్చు.

చివరికి ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని బ్రినాని ఎదురుగా కూర్చోమంది.

"నిన్న చాలా బాగా ఆడావు."

"థాంక్యూ మేడమ్."

"నువ్వు చెప్పినవన్నీ నిజమేనా?"

నాడీన్ అందుకుంది. "దానికి ఊహాశక్తి ఎక్కువ ప్రూవిట్ గారూ. చిన్నప్పట్నుంచీ అంతే. కథలల్లుతుంది."

"మిమ్మల్ని కాదు టీచర్, తనని అడిగాను."

బ్రినా ఆవిడ కళ్లలోకి సూటిగా చూసింది. "కాదు మేడమ్. గెలవాలని కల్పించాను. ఎక్కడో చదివాను."

"దుప్పట్లు, వంటింట్లో పడుకోవడం?"

"కల్పించాను."

"కారు?"

"అదీ అంతే. నాకు కారు నడపడమే రాదు."

ఎంత బాగా చెప్పింది! తల్లిగా సంతోషించాలో సిగ్గుపడాలో రొవీనాకి తెలీలేదు. కన్ను ఆర్పలేదు, గొంతు తడబడలేదు. హెస్టర్ కూడా ఒక్క క్షణం నమ్మినట్టే కనబడింది.

"ఎందుకు రాదు?" అన్నాడు వెస్.

అందరూ వాడివైపు తిరిగారు. కంబళి భుజాల మీద వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం కందగడ్డలా చేసుకున్నాడు. అక్కని ఎవరో తక్కువ చేసి మాట్లాడారని వాడి బాధ.

"అక్క బాగా నడుపుతుంది. మంచులో కూడా నడిపింది. ఆస్పత్రి దాకా. రోడ్డు మీద ఎవరూ లేకపోయినా ఎర్ర లైటు దగ్గర ఆగింది!"

బ్రినా కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఆగిందా?" అంది హెస్టర్ మెల్లగా.

"ఆగింది. నేను చూశాను."

"మంచిపని చేసింది నాన్నా." ఆవిడ లేచి కోటు సర్దుకుంది. రొవీనాతో మాట్లాడినప్పుడు గొంతులో కరుకుతనమేమీ లేదు. "చలి ఒక్కటే అయితే ఏదో ఒక దారి చూసేదాన్నమ్మా. రాత్రిళ్లు పెద్దవాళ్లు ఇంట్లో లేరు. ఊపిరాడని పిల్లాడు, లైసెన్సు లేని పిల్ల, ఆ రోడ్డు. విన్నాక విననట్టు ఉండలేను. ఈ రాత్రి పిల్లలు ఇక్కడ పడుకోడానికి వీల్లేదు."

"మోటెల్‌కి పోతాం. ముగ్గురం," అంది రొవీనా. "ఇప్పుడే పోతాం."

"ఇవాళ డ్యూటీ ఉందా నీకు?"

"మానేస్తాను."

"రేపు?"

రొవీనా ఇందాక ఊడొచ్చిన మీటని బల్ల మీద పెట్టింది.

"దగ్గర బంధువులెవరైనా తీసుకెళ్తామంటే నాకభ్యంతరం లేదు," అంది హెస్టర్. "ఇల్లు చూసి, ఈ రాత్రే అప్పగించేస్తాను. సోమవారం మిగతాది కోర్టులో మాట్లాడుకోవచ్చు."

అందరి కళ్లూ నాడీన్ మీదికి పోయాయి. రొవీనా గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది. ఇంతసేపూ ఎందుకు తట్టలేదు? ఊళ్లో ఇల్లుంది, వెచ్చటి ఇల్లు. మేనత్త ఇల్లు. ఎన్ని మాటలనుకున్నా మేనత్త మేనత్తే.

నాడీన్ తన చేతిగ్లవ్స్ వంక చూసుకుంటోంది.

"వదినా?"

"మెర్ల్ సంగతి నీకు తెలుసు కదా," అంది నాడీన్, తల ఎత్తకుండా. మెర్ల్ ఆవిడ భర్త. "వాళ్లమ్మని తెచ్చి చిన్నగదిలో పెట్టినప్పటి నుంచీ మనిషి మనిషిలా లేడు. కార్ల్ వాళ్ల గొడవలు ఇంటికి తేవద్దని మొన్ననే..." ఒక గ్లవ్ తొడుక్కుని మళ్లీ తీసేసింది. "ఒక్కరిని తెస్తానంటే ఒప్పించగలను రొవీనా. ఒక్కరినైతే."

"ఒక్కరినా?"

"ఇద్దరంటే ఒప్పుకోడు. ఆయన్ని నేను..."

"ఇందాక ఆ గదిలో నేను చెప్పింది విన్నాక కూడా, ఒక్కరిని అంటున్నావా?" రొవీనా గొంతు ఇల్లంతా మోగింది. "ఇరవయ్యేళ్లుగా ఊళ్లో పిల్లలందరికీ చెప్తున్నావు కదే! చెయ్యందించాలని, పక్కవాళ్లని చూసుకోవాలని! మీ హాల్లో సోఫా ఉంది. నేల ఉంది. నా పిల్లలు నేలమీద పడుకోడం ఎరుగుదురు!"

"తిట్టు. తిట్టు నన్ను," అంది నాడీన్ ఏడుస్తూ. "తీసుకెళ్లి, రేపు ఆయన అర్ధాంతరంగా బయటికి పొమ్మంటే అప్పుడేం చెయ్యను? ఉన్నమాట చెప్తున్నాను."

రొవీనా ఆవిణ్ని వదిలేసి హెస్టర్ వైపు తిరిగింది. "మీరే తీసుకెళ్లండి అయితే. ఇద్దర్నీ. కాని ఒకే ఇంట్లో పెడతానని నాకు మాటివ్వండి."

"ప్రయత్నిస్తాను."

"ప్రయత్నం కాదు. మాట."

అబద్ధం చెప్పి ఉంటే ఆవిడకీ తేలికయ్యేది. "ఇవ్వలేనమ్మా. శుక్రవారం సాయంత్రమైంది. బాబుకైతే ఇల్లు దొరుకుతుంది. పదిహేనేళ్ల పిల్లని తీసుకునేవాళ్లు ఈ కౌంటీలో తక్కువ. ఎక్కడ దొరికితే అక్కడ. ఎంత దూరమో ఇప్పుడే చెప్పలేను."

రొవీనా బల్ల అంచు పట్టుకుంది. వెస్‌ని నాడీన్‌తో పంపిస్తే ఇద్దరూ విడిపోతారు. పంపకపోతే, ఇద్దరూ ఎవరో తెలియని చోట విడిపోవచ్చు. ఏది ఎంచుకున్నా ఎంచుకున్నది తనే అవుతుంది.

బ్రినా కుర్చీలోంచి లేచింది. మేకుకున్న తమ్ముడి కోటు తెచ్చింది. వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి తొడిగించింది.

"వీణ్ని నువ్వు తీసుకెళ్లత్తా," అంది. "రాత్రి ఒకసారి మందు పీల్పించాలి. వద్దంటాడు, ఊరుకోకు. నీళ్లు గోరువెచ్చగా ఇవ్వాలి."

"బ్రినా," అంది రొవీనా.

"నేను ఈవిడతో వెళ్తాను. నాకేం భయం లేదు. వీడెక్కడున్నాడో నాకు తెలిసుంటే చాలు."

"నాకక్కర్లేదు, అక్కతోనే ఉంటాను," అన్నాడు వెస్. ఇప్పుడు వాడికీ ఏదో అర్థమైంది. మొహం పాలిపోయింది.

"ఊరుకో. కదలకు." బ్రినా జిప్పు పట్టుకుంది. రెండు అంచులూ కలవడం లేదు. కలిపింది, జారింది. మళ్లీ కలిపింది, మళ్లీ జారింది. ఇందాక కన్ను ఆర్పకుండా అబద్ధమాడిన పిల్ల, ఆ చిన్న జిప్పు పెట్టలేక వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"అమ్మా," అంది తలెత్తి. "నాకు రావట్లేదు. నువ్వు పెట్టు."

హెస్టర్ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుని నిలబడింది. నాడీన్ ఎవరివైపూ చూడటం లేదు. వెస్ తల్లి వంక, తెరుచుకున్న కోటు వంక చూస్తున్నాడు.

రొవీనా వాడి ముందు వంగింది. జిప్పు రెండు కొసలూ చేతిలోకి తీసుకుంది. దాన్ని పైకి లాగితే తను ఒప్పుకున్నట్టే.